వ్యాపారానికొక విద్యాలయం

వర్తకం అంగడిలో అలవడవలసినదే గాని తరగతి గదిలో నేర్పదగినది కాదని ఒకనాడు పలువురు భావించేవారు. ఆ భావనను మార్చిన సంస్థలలో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయపు బిజినెస్ స్కూలు ముఖ్యమైనది. ఇది 1908లో స్థాపితమైంది. ఆర్థిక చరిత్రకారుడైన ఎడ్విన్ గే దీనికి తొలి డీన్. ప్రపంచంలో ఎం.బి.ఎ. పట్టాను మొట్టమొదట ప్రవేశపెట్టిన ఘనత దీనిదే.

1919లో డీన్ పదవి చేపట్టిన వాలెస్ డోన్హమ్ న్యాయశాస్త్ర పట్టభద్రుడు. న్యాయ విద్యార్థులు పూర్వపు తీర్పులను చర్చించి నేర్చుకొనే పద్ధతిని ఆయన వ్యాపార విద్యలో విస్తృతంగా అమలుపరచాడు. దీనినే ‘కేస్ పద్ధతి’ అంటారు. ఒక సంస్థకు నిజంగా ఎదురైన చిక్కును విద్యార్థుల ముందుంచుతారు. ‘ఈ స్థితిలో మీరుంటే ఏమి చేస్తారు?’ అన్నదే ప్రశ్న. దానికి ఒకే సరియైన సమాధానం ఉండదు. ప్రతి విద్యార్థీ తన నిర్ణయాన్ని సహాధ్యాయులందరి ఎదుట సమర్థించుకోవాలి.

అయితే ఈ చర్చావేదికపై స్త్రీలకు చాలాకాలం చోటు దక్కలేదు. రెండేళ్ల ఎం.బి.ఎ. తొలి సంవత్సరంలో వారికి నేరుగా ప్రవేశం లభించినది 1963లోనే. ఆ ఏడు చేరినవారు ఎనిమిది మంది మాత్రమే!

నేడు ఇక్కడ ఎం.బి.ఎ.తో పాటు డాక్టరేటు కోర్సులు, ఉద్యోగంలో ఉన్న అధికారులకు స్వల్పకాలిక శిక్షణలు కూడా ఉన్నాయి. 2010లో నితిన్ నోహ్రియా, 2021లో శ్రీకాంత్ దాతార్ డీన్‌లుగా బాధ్యతలు స్వీకరించారు. వీరిద్దరూ భారతీయ సంతతివారు కావడం విశేషం.

లాభనష్టాల గణన ఎవరైనా నేర్వవచ్చు. ఎదుటివారి వాదనను ఆలకించి, తన నిర్ణయానికి తానే బాధ్యత వహించడం మాత్రం సాధనతో అలవడే విద్య.