ప్రాణవాయువు అందనప్పుడు స్మృతి ముందుగా ఎందుకు చెదురుతుంది?

ఇంద్రియాలకూ ప్రాణానికీ నడిచిన వివాదాన్ని ఛాందోగ్యోపనిషత్తు చెబుతున్నది. వాక్కు, నేత్రం, శ్రోత్రం ఒక్కొక్కటిగా ఏడాది విడిచిపోయినా దేహం నిలిచింది. ప్రాణం కదలబోగానే ఇంద్రియాలన్నీ చలించిపోయాయి. కనుక ప్రాణానికి ముప్పు వస్తే అన్నీ ఒకేసారి చెడుతాయని భావించేవాణ్ణి. నా సహాధ్యాయిని చూశాక సందేహం కలిగింది.

ఆయన గుండె కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ కొట్టుకొన్నది. బాల్యంలో వల్లించిన వేదపనసలను నేటికీ స్ఖాలిత్యం లేకుండా చెబుతారు. ఉదయం నేను వచ్చి వెళ్లిన సంగతి మాత్రం మధ్యాహ్నానికి గుర్తుండదు. రక్తం మెదడంతటికీ ఆగింది కదా, నష్టం ఒకచోటనే అధికం కావడమెందుకు?

మెదడు బరువు దేహంలో నూటికి రెండు పాళ్లే; అది వాడే ప్రాణవాయువు ఇరవై పాళ్లు. నిల్వ దాదాపు లేదు. అందులోనూ కణాలన్నింటి ఓర్పు సమానం కాదు. క్రొత్త అనుభవాలను స్మృతిగా కూర్చే హిప్పోకాంపస్, దేహచలనాన్ని దిద్దే చిన్నమెదడులోని పర్కింజీ కణాలు మిక్కిలి సుకుమారమైనవి.

హిప్పోకాంపస్ కణాలలో గ్లుటమేట్ అనే రసాయన సంకేతాన్ని గ్రహించే ద్వారాలు విస్తారం. మనం నేర్చుకొనేది వాటి వల్లనే. శక్తి ఉడిగినప్పుడు గ్లుటమేట్ హద్దు మీరుతుంది. ఆ ద్వారాల గుండానే కాల్షియం లోనికి పొంగి కణాన్ని నశింపజేస్తుంది. శ్వాసను నడిపే మెదడుకాండం ఇంతకంటే ఎక్కువసేపు ఓర్చుకొంటుంది. చిరకాలం ఆవృత్తి చేసిన పాఠం మెదడు పైపొరలలో స్థిరపడి ఉంటుంది. మా మిత్రునికి ఊపిరీ పనసలూ నిలిచి, క్రొత్త జ్ఞాపకం నిలువకపోవడానికి కారణమిదే.

ఈ నాశం వెంటనే కనబడదు. చిన్న జంతువుల మెదడుకు ఐదు నిమిషాలు రక్తం ఆపి చూసిన జపాను శాస్త్రజ్ఞుడు కిరినో, హిప్పోకాంపస్ కణాలు కొన్ని దినాల తరువాత మరణించడాన్ని 1982లో వెల్లడించారు.

ఆనాడు మిత్రుడు మెట్లపై కూలినప్పుడు, సొమ్మసిల్లాడనుకొని నీళ్లు చల్లుతూ నిలిచినవారిలో నేనూ ఒకణ్ణి. యాత్రికులారా, మీరు అలా చేయకండి. పడినవారు పలుకక, సరిగా ఊపిరి తీయకుంటే నోట తీర్థం పోయవద్దు. ఒకరు 108కు ఫోన్ చేయాలి. మరొకరు వెంటనే రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషానికి నూరు నుంచి నూట ఇరవై సార్లు గట్టిగా అదమాలి. సహాయం వచ్చేవరకు ఆపవద్దు. ఆ నాలుగైదు నిమిషాలే ఒకరి స్మృతిని నిలుపగలవు.