పదవీ విరమణ తరువాత కుమ్హారీయా, కళింగపట్నమా?

పదవీ విరమణకు రెండు, మూడు సంవత్సరాలు మిగిలి ఉండగానే మన ఉద్యోగుల ఇండ్లలో ఒక చర్చ మొదలగుట సర్వసాధారణం. క్వార్టరు ఖాళీ చేయవలసిన దినం సమీపించుచున్నది, భవిష్యనిధి సొమ్ము చేతికి రానున్నది, ఇక ఎక్కడ స్థిరపడవలెను? రాయపూర్‌లో ఉంటున్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కుటుంబాలలో ఈ ప్రశ్నకు తరచు రెండు సమాధానాలు వినవచ్చును. ఒకటి, రాయపూర్–దుర్గ్ మార్గంలోని కుమ్హారీ, చరోదా వంటి చోట ఒక చిన్న ఇల్లు. రెండవది, సముద్రపుటొడ్డున ఉన్న సొంత ఊరు. మేము గమనించినంతలో రెండవ సమాధానం చెప్పునది ఎక్కువగా భర్త, మొదటిది చెప్పునది భార్య. ఈ భేదమునకు గల కారణమే ఈ వ్యాసమునకు ప్రేరణ.

రాయపూర్ నుండి విజయనగరం వరకు గల రైలుమార్గాన్ని బెంగాల్ నాగపూర్ రైల్వే 1930ల ఆరంభంలో పూర్తి చేసినది. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజాన్ని సముద్రానికి చేర్చుట నాటి ఆలోచనలలో ముఖ్యమైనది. 1933 డిసెంబరులో విశాఖపట్నం రేవుకు ప్రారంభోత్సవం జరిగినది. పెద్ద రేవు వెలసిన తరువాత భీమునిపట్నం, కళింగపట్నం వంటి పాత రేవులకు ఓడల రాక సన్నగిల్లి, తుదకు ఆగిపోయినది. తీరం పట్టున పని కరువైనవారు లోనికి పోయే రైలు ఎక్కిరి. 1959లో భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైన పిదప ఈ రాక మరింత హెచ్చినది. నేడు మనము సెలవులకు పోయి మెచ్చుకొను రేవు ప్రశాంతతకు వెనుక ఈ చరిత్ర కలదు. అది పని వెడలిపోయిన ఊరి ప్రశాంతత.

కళింగపట్నం అందమైన ఊరు కాదని ఎవరనగలరు? వంశధార సముద్రంలో కలియు చోటు, పాత దీపస్తంభం, ఇసుకపై వరుసగా నిలిపిన పడవలు, కొంత దూరంలో శాలిహుండం కొండపై బౌద్ధ కట్టడాల శిథిలాలు. రాయపూర్ పరిసరాలలోని స్పాంజ్ ఐరన్ కర్మాగారాల మసి మేడపై ఆరవేసిన బట్టలకు అంటుట చూచి విసిగినవారికి ఆ ఉప్పుగాలి స్వర్గతుల్యం. అయితే అదే ఊరి పొరుగున ఉన్న మత్స్యకార గ్రామాలలో ఇంటింటా విచారించిన యెడల, వయసులో ఉన్న మగవారు చాలామంది గుజరాతులోని వేరావల్ రేవులో మరపడవలపై పనిచేయుచున్నారని తెలియును. 2018లో అట్లు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు కొందరు పాకిస్తాన్ అధికారులకు చిక్కి, 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. సముద్రం ఎదుట ఉండగా చేపలు పట్టుటకు దేశం అవతలి ఒడ్డుకు పోవలసిన పరిస్థితి అది. మన పింఛనుదారు కోరుకొను నిశ్శబ్దము, పొరుగింటి యువకుడు ఇల్లు విడిచినందున కలిగిన నిశ్శబ్దము.

ఈ సందర్భంలో మాకు పరిచయమున్న ఒక జంటను గూర్చి చెప్పవలెను. ఆయన మన సంస్థలో ఫోర్‌మన్‌గా పనిచేసి విశ్రాంతి పొందినారు. ఊరికే పోదమని ఆయన పట్టు. ఆమె అన్న మాట మాకు ఇంకను జ్ఞాపకమున్నది: "మీకు అది ఊరు. నాకు అది అత్తవారిల్లు. నా వాళ్లంతా ముప్పయి ఏళ్లుగా ఈ కాలనీలోనే ఉన్నారండీ." సొంత ఇల్లున్నది కదా అని ఆయన అనగా, అందులో మీ తమ్ముళ్ల వాటా మాట ఏమిటని ఆమె అడిగినది. ఈ రెండవ ప్రశ్నను మన ఉద్యోగులు చాలామంది ఉద్యోగకాలమంతయు వాయిదా వేయుచుందురు. ముప్పయి ఏండ్లు ఆ ఇంటి కప్పు నేయించి, పన్ను కట్టి, పెద్దలను కనిపెట్టినది అక్కడ ఉన్న తమ్ముడు. కాగితం మీద సగం మనదే అయినను, సామానుతో వచ్చి దిగుట అంత తేలిక కాదు.

వైద్యం విషయంలో రెండు చోట్లకును పోలిక లేదు. రాయపూర్ పడమటి అంచున టాటీబంధ్‌లో 2012 నుండి ఎయిమ్స్ సంస్థ పనిచేయుచున్నది. ఖారున్ నది వంతెన దాటి వచ్చిన కుమ్హారీ వారికి అది దగ్గర. కళింగపట్నం నుండి మొదట శ్రీకాకుళం, అక్కడ కానిచో నూరు కిలోమీటర్లకు పైబడి విశాఖపట్నం పోవలెను. గుండెనొప్పి వచ్చిన రాత్రి ఈ దూరమే అన్నింటిని నిర్ణయించును. ఉత్తరాన ఉద్దానం ప్రాంతానికి చెందినవారు మూత్రపిండాల వ్యాధిని సైతం దృష్టిలో ఉంచుకొనవలెను. ఆ వ్యాధి కారణంగానే 2023 డిసెంబరులో పలాసలో ప్రత్యేక ఆసుపత్రి ప్రారంభమైనది. తాగునీరు ఎక్కడి నుండి వచ్చుచున్నదో ముందుగా విచారించుట మంచిది.

ఇల్లు కట్టదలచినవారికి రెండు హెచ్చరికలు. తీరంలో పోటు రేఖ నుండి 500 మీటర్ల వరకు తీరప్రాంత నియంత్రణ నిబంధనలు వర్తించును. తాతల నాటి స్థలమైనను అనుమతి గూర్చి అడుగక పునాది తీయరాదు. కుమ్హారీ వైపు నిన్నటి వరిమడి నేడు ప్లాటుగా అమ్ముడగుచున్నది. సాగుభూమిని నివాసభూమిగా మార్చిన డైవర్షన్ పత్రం చూడనిదే అడ్వాన్సు ఇయ్యరాదు.

కుమ్హారీ, చరోదాలను గూర్చి గొప్పగా చెప్పుటకు ఏమున్నదని కొందరనవచ్చును. లారీల ధూళి, రోజంతయు గూడ్సు బండ్ల శబ్దం, వేసవిలో చెప్పనలవికాని ఎండ. అయినను చరోదా మార్షలింగ్ యార్డు పుణ్యమా అని అక్కడ రైల్వే తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నవి. లోకల్ బండి ఎక్కి రాయపూర్‌లో కూతురి ఇంటికి పోయి సాయంత్రానికి తిరిగి రావచ్చును. దేవబలోదాలోని ప్రాచీన శివాలయం వద్ద శివరాత్రి జాతరకు పోవచ్చును. మనుమలు తెలుగు మాట్లాడుదురు గాని చదువలేరు. తాత దగ్గర ఉన్నచో ఆ లోటు తీరవచ్చును.

మరొక మాట. రేవు గ్రామం ఎల్లకాలం రేవు గ్రామంగా ఉండునన్న నమ్మకం లేదు. డచ్చివారి సమాధులు గల భీమునిపట్నం 2013లో విశాఖ మహానగర పాలక సంస్థలో కలిసినది. తీరపు రోడ్డు వెంట ఉద్యోగులు నిత్యం రాకపోకలు చేయు శివారుగా అది మారినది. సంతబొమ్మాళి మండలంలోని మూలపేటలో 2023 ఏప్రిల్‌లో కొత్త రేవుకు శంకుస్థాపన జరిగినది. అందుకొరకు మూలపేట, విష్ణుచక్రం గ్రామాల కుటుంబాలకు పునరావాసం తలపెట్టవలసి వచ్చినది. చిన్ననాటి ఊరిని వెదకుకొనుచు పోవువారు ఈ సంగతులు గుర్తుంచుకొనవలెను.

మా అభిప్రాయం అడిగినచో, ఏ నిర్ణయానికైనను ముందు అక్టోబరు నుండి జనవరి వరకు ఊరిలో ఉండి చూడవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులు ఆ తీరాన్ని తాకినవి. తిత్లీకి ఉద్దానంలో దశాబ్దాల కొబ్బరి, జీడి తోటలు ఒక్క రాత్రిలో కూలినవి. వేసవి సెలవులలో వచ్చి చూచిన ఊరు వేరు, వాయుగుండం వార్త వినుచు కిటికీలకు తాళ్లు బిగించుకొనిన ఊరు వేరు. పోయి వచ్చుటకు ఇప్పుడు కష్టం లేదు. 2024 సెప్టెంబరులో మొదలైన దుర్గ్–విశాఖపట్నం వందే భారత్ బండి సుమారు 8 గంటల ప్రయాణం. కళింగపట్నం వారు విజయనగరంలో దిగి బండి మారవలెను. పింఛనుకు కూడ చిక్కు లేదు. జీవన ప్రమాణ పత్రాన్ని ఎక్కడ ఉండియైనను సమర్పించు వసతి 2014 నుండి ఉన్నది.

ఆ జంట అట్లే నాలుగు మాసములు ఉండి వచ్చిరి. జరిగినది మేము ఊహించినట్లు కాదు. ఆయన ఈడువారిలో కొందరు కాలం చేసినారు, కొందరు హైదరాబాదులో పిల్లల వద్ద ఉన్నారు. పొద్దుట ఒడ్డుకు పోయి కూర్చొనుట, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం మరల ఒడ్డు. రెండవ నెలకే ఆయన కాలనీ మిత్రులకు రోజు ఫోను చేయసాగిరి. ఆమెకు మాత్రం తోడికోడలితోను, పక్క వీధి స్త్రీలతోను మాట పెరిగి పొద్దు చాలలేదు. తుదకు చరోదాలో రెండు గదుల ఇల్లు కొనిరి. ఊరిలోని వాటాను అమ్మక, తమ్మునితో కాగితం వ్రాసుకొని ఒక గది, వంటిల్లు ఉంచుకొనిరి. సంక్రాంతి ప్రయాణానికి టిక్కెట్లు తొందరగా తీయుమని ఇప్పుడు అడుగుచున్నది ఆమెయే.