గోడలో గూడు.. చిన్నారులకు తోడు
టీవీ మీద పడకుండా ఇంటి కట్టుబడిలోనే జాగ్రత్త

చిక్కబళ్లాపురం: కార్టూన్ వచ్చిందంటే చాలు.. పిల్లలు టీవీకి అతుక్కుపోతారు. తెరను చేత్తో తడుముతారు. బొమ్మతో కొడతారు. స్టాండు పట్టుకుని పైకెక్కుతారు. పెద్దోళ్లు వంటింట్లోంచి అరిచేలోపు జరగాల్సింది జరిగిపోతుంది. తెర పగిలితే డబ్బుతో పోతుంది. అదే టీవీ పిల్లాడి మీద పడితే?

ఇది ఉత్త భయం కాదు. 1990 నుంచి 2011 వరకు అమెరికా ఆసుపత్రుల లెక్కలు తీసి 2013లో వైద్యులు ఓ అధ్యయనం ప్రచురించారు. టీవీల వల్ల దెబ్బలు తగిలి అత్యవసర విభాగాలకు వచ్చిన పిల్లలు ఏటా సగటున 17 వేలకు పైగానే. వారిలో సగానికి పైగా టీవీ మీదపడినవారే. మూడింట రెండొంతుల మందికి ఐదేళ్లు కూడా నిండలేదు. వెనకటి డబ్బా టీవీకి బరువెక్కువ, అదీ మీద పడేది. ఇప్పటి పలక టీవీ రెండు సన్నని కాళ్ల మీద నిలబడుతుంది. చిన్న చెయ్యి లాగినా ముందుకు ఒరుగుతుంది.

గూడు మనకు కొత్త కాదు
2007లో కోలారు నుంచి విడివడిన ఈ జిల్లాలో గోడ గూడు తెలియని ఇల్లు లేదు. బాగేపల్లి, చింతామణి వైపు పాత మిద్దెల్లో దీపానికో గూడు, పంచాంగానికో గూడు ఉండేవి. తర్వాత కడప బండలు వేసి షోకేసులు కట్టారు. 1980ల నాటి డయనోరా, సాలిడేర్, ఈసీ టీవీలకైతే చెక్క పెట్టె, జరిపే తలుపులు ఉండేవి. చూడ్డం అయిపోతే తలుపు మూసేవాళ్లు. ఆ రెండూ కలిపితే ఇప్పుడు కావాల్సింది అదే.. గోడలో గూడు, గూటికి తలుపు.

రాతి గోడ తవ్వొద్దు
పాత ఇంట్లో ముందు చూడాల్సింది గోడ. బండల మిద్దెకు స్తంభాలుండవు. కప్పు బరువంతా గోడల మీదే. పదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగంగుళాల మందమున్న ఒక్క బండే సుమారు అర టన్ను తూగుతుంది. అలాంటి గోడలో టీవీ కోసం సుత్తి పెట్టి తవ్వితే పైబండ దిగుతుంది. పిల్లల కోసమని చేసే పని ఇంటికే ముప్పు. ఇలాంటి చోట గోడ జోలికి పోకుండా, దాని ముందర ఐదారంగుళాల మందాన చెక్క చట్రం కట్టి, అందులో టీవీని దాచొచ్చు. పాత షోకేసు ఉంటే మరీ మంచిది. కొత్తగా తవ్వే పనే లేదు.

కొత్త ఇల్లు కట్టేటప్పుడే అయితే ఈ తంటా ఉండదు. గోడ లేపేటప్పుడే మేస్త్రికి కొలత చెప్పాలి.

కొలత ఇదీ
43 అంగుళాల టీవీ అంటే అది మూల నుంచి మూలకు. అడ్డం దాదాపు 38, నిలువు 22 అంగుళాలు ఉంటుంది. గాలి ఆడేందుకు చుట్టూ మూడంగుళాలు వదలాలి. అంటే గూడు అడ్డం 44, నిలువు 28 అంగుళాలు. తొమ్మిదంగుళాల ఇటుక గోడలో వెనక నాలుగున్నర అంగుళాలు ఉంచేస్తే, గార పోగా లోతు నాలుగంగుళాలే మిగులుతుంది. బిగించే ఇనుప పట్టీతో టీవీకి అది సరిగ్గా సరి. అందుకే తలుపు చట్రాన్ని ఇంకో రెండంగుళాలు బయటికి తేవాలి. గూటిపైన లింటెల్ తప్పనిసరి. రెండు వైపులా కనీసం ఆరంగుళాలు గోడపై కూర్చోవాలి. ఈ లెక్కన దాని పొడవు 4 అడుగుల 8 అంగుళాలు.

కొందరు పిల్లలకు అందకూడదని టీవీని ఆరడుగుల ఎత్తున పెడుతున్నారు. మెడ నొప్పి తప్ప లాభం లేదు. కూర్చున్న మనిషి కంటికి ఎదురుగా, నేల నుంచి మూడున్నర, నాలుగడుగుల ఎత్తున తెర మధ్యభాగం ఉంటే చాలు. అక్కడికి పిల్లల చెయ్యి అందుతుంది కాబట్టే తలుపు కావాలి. పట్టీ బోల్టులు ఇటుకలోకి దిగాలి, ఉత్త గారలో కాదు. బయటి గోడకు వానాకాలంలో చెమ్మ దిగుతుంది. లోపలి గోడనే ఎంచుకోవాలి.

తలుపు దేనితో?
మామూలు గాజు వద్దే వద్దు. పగిలితే కత్తులే. టఫెన్డ్ గాజు పగిలినా మొద్దు ముక్కలవుతుంది. పాలికార్బనేట్ పలక అయితే బొమ్మతో కొట్టినా పగలదు. కాకపోతే గీతలు పడతాయి, మెత్తని గుడ్డతోనే తుడవాలి. పలక తేటగా ఉంటే రిమోట్ బయటి నుంచే పనిచేస్తుంది. కిటికీకి ఎదురుగా పెడితే మాత్రం వెలుతురు పడి బొమ్మ కనపడదు. తాళం పై అంచున ఉంటే పిల్లలకు అందదు.

మూసిన గూట్లో టీవీ ఉడికిపోతుంది. వేడిగాలి పైకి పోతుంది కనుక చట్రానికి కింద, పైన సందులు వదలాలి. చిన్నారి వేలు దూరకుండా జాలీ కొట్టాలి. ఆ సందుల్లోంచే మాట కూడా బయటికి వినబడుతుంది.

కరెంటుతో ఆటలొద్దు
ప్లగ్గు గూటి లోపలే ఉండాలి, స్విచ్చు బయట ఐదడుగుల ఎత్తున. వేలాడే వైరు ఒక్కటీ కనపడకూడదు. కరెంటుకో పైపు, కేబుల్‌కో పైపు విడివిడిగా గోడలోనే వేయించాలి. ఎర్తింగ్, బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. గూటి కింద సోఫా, టీపాయి వేయొద్దు. అవే పిల్లలకు మెట్లవుతాయి. పైన బొమ్మలు, చాక్లెట్లు పెట్టొద్దు.

తలుపుంది కదా అని..
ఎంత గట్టి గూడు కట్టినా కళ్లకు తలుపు వేయలేం. రెండేళ్ల లోపు పిల్లలకు తెర అసలే వద్దని, రెండు నుంచి ఐదేళ్ల వారికి రోజుకు గంట మించొద్దని భారతీయ శిశువైద్యుల సంఘం 2021లోనే మార్గదర్శకాలిచ్చింది. ఆ గంట కూడా పెద్దోళ్లు పక్కనుండి చూపించాలంది. గూటికి తాళం పెట్టించుకుంటే ఆ మాట నిలబెట్టుకోవడమూ తేలికే. తాళంచెవి మాత్రం పెద్దోళ్ల సీరియల్ టైముకు కూడా పనిచేస్తే పిల్లలు ఇంకా బాగా వింటారు.