ముల్లు అరిగితే... పాటకు గాయం!

సంక్రాంతికి ఇల్లు దులుపుదామని అటక ఎక్కితే చోడవరం చుట్టుపక్కల పాత ఇళ్లలో ఏం బయటపడతాయో చెప్పలేం. ఇత్తడి బిందెల వెనకాల గుడ్డలో చుట్టిన రికార్డులూ ఉండొచ్చు. అందులో ఘంటసాల 'పుష్పవిలాపం' పద్యాలో, విజయనగరంలో పేరు తెచ్చుకున్న ద్వారం వెంకటస్వామి నాయుడి వయొలినో ఉందంటే ఇంటిల్లిపాదికీ ముందే పండగ. పెట్టె దించి, రికార్డు పెట్టి, ముల్లు ఆనించేస్తారు. చిక్కంతా అక్కడే! అరిగిన ముల్లు ఒక్కసారి తిరిగినా చాలు, తాతగారు దాచుకున్న గొంతులో 'బరబర' చేరిపోతుంది. ఆ గాయం మళ్లీ మానదు.

నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులు లక్కతో చేసినవి. కీ ఇచ్చే గ్రామఫోనులో వాటికి ఉక్కు ముల్లు వాడాలి. ఒకవైపు వినగానే దాన్ని తీసి పారేయాలి. అంటే మూడు నిమిషాల పాటకో ముల్లు! దుబారా ఎందుకని పాతదే వాడితే, పలకబారిన మొన గాడిని ఉలిలా చెక్కేస్తుంది. నల్లటి మెరుపు పోయి బూడిదరంగుకు తిరిగిన రికార్డులు చాలావరకు ఆ పొదుపు ఫలితమే.

1948లో వచ్చిన ఎల్పీ సంగతి వేరు. అది మెత్తటి వినైల్. గ్రామఫోను తల బరువు 100 గ్రాములు దాటుతుంది. ఎల్పీ ముల్లు ఆనాల్సింది దాదాపు 2 గ్రాముల బరువుతోనే. 1974లో ఘంటసాల కన్నుమూశాక విడుదలైన భగవద్గీత ఎల్పీని తాతగారి గ్రామఫోను మీద పెడితే చేజేతులా చెరిపేసుకున్నట్టే.

ఎల్పీ ముల్లు మొన వజ్రంది. వజ్రానికి అరుగుదలేంటి అనుకోవద్దు, 500 నుంచి 1000 గంటల్లో అదీ అరుగుతుంది. ఈ చెరకు సీమలో బెల్లం వండే రోజుల్లో గాల్లో నుసి సరేసరి. అదంతా ముల్లు చుట్టూ ఉండకడుతుంది. వేలితో తుడవకూడదు, నోటితో ఊదకూడదు. సౌండు తగ్గించి, మెత్తటి చిన్న బ్రష్షుతో వెనక నుంచి ముందుకే తుడవాలి. అడ్డంగా లాగారో, మొనను పట్టుకున్న సన్నటి కాడ వంగిపోతుంది. జిడ్డు వదలకపోతే బ్రష్షు కొసకు చుక్క స్పిరిట్ చాలు. అదే స్పిరిట్ 78 రికార్డు మీద మాత్రం పడనివ్వకండి. లక్క అందులో కరిగిపోతుంది. నమ్మకం లేకపోతే చెక్కలకు పాలిష్ పెట్టేవాళ్లనడగండి!

ముల్లు గెంతుతోందని తల మీద నాణెం పెట్టే అలవాటొకటి ఉంది. బరువు ఎక్కువైతే గాడి అరుగుతుంది. అలాగని మరీ తగ్గించినా ముల్లు గాడిలో నిలవక ఎగిరిపడి గోడలను కొడుతుంది.

కొత్త ముల్లు బిగించాక కూడా ముందుగా పుష్పవిలాపం వద్దు. పోయినా బాధలేని రికార్డేదైనా వేసి చూడండి. 'స'లూ 'ష'లూ బుసకొట్టకుండా పలికితే, అప్పుడు విప్పొచ్చు తాతగారి మూట.