గాలి తెచ్చే తడి

అమెరికా ఆగ్నేయ ప్రాంతంలోని ఉత్తర కరోలినా, దక్షిణ కరోలినా, జార్జియా వంటి రాష్ట్రాలలో పాత ఇళ్ళు చాలావరకు నేలను అంటుకొని ఉండవు. ఇటుక స్తంభాల మీదనో చుట్టుగోడ మీదనో ఆనించిన చెక్క దూలాలు, వాటిపై బిగించిన పలకలే ఆ ఇళ్ళకు నేల కాగా, ఆ పలకలకూ కింది మట్టికీ నడుమ రెండు నుంచి నాలుగు అడుగుల ఎత్తున ఖాళీ ఉంటుంది. మనిషి నిటారుగా నిలబడే వీలులేక పాకుతూ మాత్రమే తిరగగలిగిన చోటు కనుక దానికి క్రాల్ స్పేస్ అనే పేరు స్థిరపడింది. తెలుగునాట ఇంటి బేస్‌మెంట్‌ను మట్టితోనో గ్రావెల్‌తోనో నింపి, దిమ్మిస కొట్టి, పైన బండలు పరచడం వాడుక కాబట్టి, ఇంటి కింద బోలు ఉండడమనేది తెలుగువారికి అలవాటులేని సంగతి. షార్లెట్, ర్యాలీ, అట్లాంటా పరిసరాలలో పాత ఇళ్ళు కొనే తెలుగు కుటుంబాలలో చాలామందికి ఈ ఖాళీ సంగతి మొదట తెలిసేది ఇంటి తనిఖీ నివేదికలోనే.

ఈ ఖాళీ నిర్మాణలోపం వల్ల ఏర్పడింది కాదు. చార్లెస్టన్, సవానా, న్యూ ఆర్లీన్స్ వంటి తీరప్రాంత నగరాలలో ఇంటిని ఎత్తుగా నిలబెట్టడం వల్ల వరదనీరు గదులలోకి రావడం తగ్గేది, నేల చెమ్మ చెక్కకు అంటేది కాదు, చెదల జాడను కనిపెట్టడం తేలికయ్యేది, వేసవిలో పలకల కిందుగా గాలి ఆడి గదులు కాస్త చల్లబడేవి. స్తంభాల నడుమ నాలుగు వైపులా తెరిచే ఉండడం, ఇంటిలోపలా బయటా ఇంచుమించు ఒకే వేడి ఉండడం అనే రెండు కారణాల వల్ల కింది చెక్క దశాబ్దాలపాటు చెక్కుచెదరకుండా నిలిచింది. ఇరవయ్యో శతాబ్దంలో ఈ రెండూ మారాయి: స్తంభాల స్థానంలో చుట్టుగోడ వచ్చి గాలికి చిన్న చిన్న కిటికీలు మాత్రమే మిగిలాయి, రెండో ప్రపంచయుద్ధం తరువాత ఎయిర్ కండిషనింగ్ ఇంటింటికీ వ్యాపించింది.

ఆ చిన్న కిటికీలకు అక్కడివారు వెంట్ అని పేరు పెట్టారు. 1940ల నాటి ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ప్రమాణాలతో బలపడి, తరువాతి కాలపు నిర్మాణ నియమావళులలో స్థిరపడిన సూత్రం ప్రకారం ప్రతి 150 చదరపు అడుగుల క్రాల్ స్పేస్‌కు 1 చదరపు అడుగు చొప్పున వెంట్ ఉండాలి; నేలపై ఆవిరిని ఆపే పొర పరిస్తే 1500 చదరపు అడుగులకు 1 చదరపు అడుగు చాలు. ఒక్క పొర పరచడంతో వెంట్ అవసరం పదో వంతుకు తగ్గిపోతున్నదంటే, తేమను అదుపుచేయడంలో అసలు పని గాలిది కాదనే సూచన ఆ నియమంలోనే దాగి ఉన్నది. అయినా తడి బట్ట గాలికి ఆరుతుందన్న నిత్యానుభవం బలమైనది కాబట్టి, ఇంటి కింద చెమ్మ కనబడితే మరో రెండు వెంట్లు తెరవమనే సలహాయే తరతరాలుగా వినిపించింది.

వేసవి వచ్చేసరికి ఈ సలహా ఎందుకు బెడిసికొడుతుందో తెలియాలంటే సాపేక్ష ఆర్ద్రత అనే మాటను గ్రహించాలి. గాలి ఒక ఉష్ణోగ్రత వద్ద మోయగలిగిన నీటి ఆవిరిలో ఎంత శాతాన్ని నిజంగా మోస్తున్నదో తెలిపే కొలత అది. గాలి వేడెక్కేకొద్దీ మోయగల ఆవిరి పెరుగుతుంది, చల్లబడేకొద్దీ తగ్గుతుంది. 32 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 34 గ్రాముల ఆవిరిని మోయగలదు కనుక, 60 శాతం ఆర్ద్రత గల జులై మధ్యాహ్నపు గాలిలో దాదాపు 20 గ్రాముల ఆవిరి ఉంటుంది. అదే గాలి వెంట్ గుండా నీడపట్టున ఉన్న క్రాల్ స్పేస్‌లోకి దూరి 22 డిగ్రీలకు చల్లబడితే మోయగలిగేది 19 గ్రాముల చిల్లర మాత్రమే కాబట్టి, మిగిలిన ఆవిరి నీటిబొట్లుగా మారి పైపులకూ గోడకూ దూలాలకూ అంటుకుంటుంది. ఆవిరి ఇలా నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతను డ్యూ పాయింట్ అంటారు; ఫ్రిజ్ నుంచి తీసిన నీళ్ళ సీసాకు చెమట పట్టడం ఈ సూత్రానికి ప్రతి ఇంట్లోనూ కనిపించే నిదర్శనం.

ఎయిర్ కండిషనింగ్ ఈ చిక్కును రెట్టింపు చేసింది. చల్లగాలిని గదులకు చేర్చే డక్ట్ అనే రేకు గొట్టాలు తరచుగా క్రాల్ స్పేస్‌లోనే సాగుతాయి, చల్లబడిన గదుల వల్ల పలకల అడుగుభాగమూ బయటి గాలికంటే చల్లగా ఉంటుంది, దానితో ఎన్ని వెంట్లు తెరిస్తే అంత తడి లోపలికి వచ్చి ఆ చల్లని తలాలను వెతుక్కున్నట్లు చేరుతుంది. చెక్క పరిసరాలలో ఆర్ద్రత 80 శాతం దాటి కొన్నాళ్ళు నిలిస్తే పైపైన బూజు పుడుతుంది. చెక్క తన బరువులో 20 శాతం లోపు నీటితో ఉన్నంతకాలం క్షేమంగా ఉంటుంది గాని, ఆ పాలు 30 శాతం దరికి చేరితే దూలాన్ని లోపలినుంచి తినివేసే కుళ్ళు శిలీంధ్రాలు బలపడతాయి, తడిని వెతుక్కొనే చెదలూ తోడవుతాయి. గదులలో ముక్కవాసన, వేసవిలో అంచులు లేచి దోనెలా వంగిన నేల పలకలు, బిగుసుకుపోయే తలుపులు, దూలాల నడుమనుంచి ఊడి వేలాడే దూదిలాంటి ఫైబర్‌గ్లాస్ పొరలు ఈ పరిణామానికి పైకి కనిపించే గుర్తులు. ఇంట్లోని వెచ్చని గాలి పైకి లేచి అటక సందులనుంచి బయటికి పోయినప్పుడు దాని స్థానాన్ని భర్తీచేసే గాలిలో కొంత కిందినుంచే వస్తుంది గనుక, క్రాల్ స్పేస్ దుస్థితి గదులలో ఊపిరి పీల్చేవారినీ తాకుతుంది.

వెంట్లే తడిని తెస్తాయన్న ఈ వాదనను ఉత్తర కరోలినాలోని ప్రిన్స్‌విల్ అనే ఊళ్ళో ప్రయోగపూర్వకంగా పరీక్షించారు. 1999లో ఫ్లాయిడ్ తుపాను వరదలో మునిగిన ఆ ఊళ్ళో ఒకే పరిమాణంలో కట్టిన 12 ఇళ్ళను ఎంచుకొని, కొన్నింటిని మామూలు వెంట్లతో వదిలి, తక్కినవాటిలో వెంట్లు మూసి నేలను పొరతో కప్పి, ర్యాలీ నగరంలోని అడ్వాన్స్‌డ్ ఎనర్జీ అనే లాభాపేక్ష లేని సంస్థ ఆ ఇళ్ళ తేమనూ విద్యుత్తు వాడకాన్నీ పరిశీలించింది. వెంట్లున్న ఇళ్ళ కింద వేసవి పొడవునా ఆర్ద్రత అధికంగా నిలవగా, మూసిన ఇళ్ళ కింద అది బాగా తగ్గింది. పైగా గదులను వెచ్చబరచడానికీ చల్లబరచడానికీ అయ్యే శక్తిలో సగటున సుమారు 15 శాతం ఆదా అయింది.

అయితే మూయడం అనేది చికిత్సలో చివరి మెట్టేగాని మొదటిది కాదు. 100 చదరపు మీటర్ల కప్పు మీద 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే 2500 లీటర్ల నీరు జారుతుంది. కప్పు అంచున ఆ నీటిని పట్టే గట్టర్ పూడిపోయినా, గొట్టం గోడ మొదట్లోనే నీటిని వదిలినా అదంతా ఇంటి కిందికే దారి చూసుకుంటుంది. కాబట్టి ముందుగా గట్టర్లను బాగుచేసి, గోడనుంచి మొదటి పది అడుగులలో కనీసం ఆరు అంగుళాల వాలు ఉండేలా మట్టిని సర్ది, కారే కుళాయి గొట్టాలను సరిచేసి, బట్టలు ఆరబెట్టే యంత్రపు వేడి ఆవిరి క్రాల్ స్పేస్‌లోకి కాక బయటికి పోయేలా చూడాలి. ఆ తరువాత 0.15 మిల్లీమీటర్లకు, అంటే అక్కడి వాడుకలో 6 మిల్‌కు, తగ్గని మందంగల పాలిథిన్ పొరను మట్టి ఎక్కడా కనబడకుండా పరచి, అతుకుల వద్ద ఒకదానిపై ఒకటి ఆరు అంగుళాలు ఎక్కేలా అంటించి, చుట్టుగోడ మీదికి కొంత ఎత్తు ఎక్కించాలి. వెంట్లనూ సందులనూ మూసిన తరువాత మిగిలే తేమను లాగివేయడానికి ఎయిర్ కండిషనర్ నుంచి కొద్దిపాటి పొడిగాలిని అందించడం, ఎడతెరిపి లేకుండా తిరిగే చిన్న ఫ్యానుతో గాలిని బయటికి తోడడం, తేమను పీల్చి నీరుగా వదిలే డీహ్యూమిడిఫయర్‌ను పెట్టడం అనే మార్గాలలో ఒకదానిని నియమావళి కోరుతుంది. ఏదీ లేకుండా ఊరికే మూసివేస్తే నేల చెమ్మ లోపలే బందీ అవుతుంది.

పాత ఇళ్ళ విషయంలో కొన్ని జాగ్రత్తలు ప్రాణరక్షణకు సంబంధించినవి. గ్యాసుతో మండి ఇంటిని వెచ్చబరిచే ఫర్నేస్ లేదా వాటర్ హీటర్ క్రాల్ స్పేస్‌లోని గాలినే వాడుకుంటున్నట్లయితే, వెంట్లు మూసినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి తిరగబడే ప్రమాదముంది కనుక, ఆ యంత్రానికి బయటి గాలి విడిగా అందే ఏర్పాటు ముందే జరగాలి. వరద ముప్పుగల మండలాలలో నీరు లోపలికి వచ్చి పోవడానికి చట్టం కోరే ద్వారాలను మూయకూడదు. మట్టినుంచి వెలువడే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువును పరీక్షించుకోవాలి. గోడకు వేడి నిరోధక ఫోమ్ అంటించేటప్పుడు, చెదలు కట్టే మట్టి దారులు కంటబడేందుకు పైన మూడు అంగుళాల పట్టీని ఖాళీగా వదలడం అక్కడి ఆనవాయితీ.

చుట్టుగోడ లేకుండా కేవలం స్తంభాల మీద నిలిచిన న్యూ ఆర్లీన్స్ తరహా ఇళ్ళను ఇలా మూయడం సాధ్యం కాదు. దక్షిణ లూసియానాలో 12 ఇళ్ళపై జరిగిన పరిశీలనలో, వేసవిలో గదులను మరీ చల్లగా ఉంచడమూ, ఆవిరిని పోనివ్వని వినైల్ వంటి పొరను పలకలపై వేయడమూ కలిస్తే చెక్కలో తేమ పెరుగుతుందనీ, పలకల అడుగున క్లోజ్డ్ సెల్ ఫోమ్ వంటి ఆవిరిని అడ్డుకునే పొర ఉంటే చెక్క పొడిగా నిలుస్తుందనీ తేలింది. తెరిచి ఉన్న ఇంటికి అడ్డుకట్ట నేల మీద కాక పలకల అడుగున పడాలన్నమాట.

పాత ఇంటిని కట్టినవారు తమ కాలానికి తగినట్లే కట్టారు. చల్లని గదులను తరువాతి తరం చేర్చి, పాత వెంట్లను మాత్రం అలాగే ఉంచడంతో చిక్కు మొదలైంది. చలికాలంలో బయటి గాలి పొడిగా ఉంటుంది కనుక జనవరిలో తనిఖీచేసిన క్రాల్ స్పేస్ నిర్దోషిగా కనిపించవచ్చు. కాబట్టి చలికాలంలో ఇల్లు కొన్న కుటుంబం ఆర్ద్రతను కొలిచే చిన్న మీటరును పలకల కింద ఉంచి, జులైలో అది 60 శాతం లోపు ఉన్నదో లేదో చూసుకున్న తరువాతే ఆ తనిఖీ నివేదికను పూర్తిగా నమ్మడం మంచిది.