చామంతి తోటల నడుమ డేటా సైన్స్

హైదరాబాదునుండి వికారాబాదునకు పోవు రహదారిమీద, ముదిమర్రుల నీడలో, అజీజ్‌నగర్ మొదలు చేవెళ్ల వరకు సాగిపోవు బాటసారికి పూలతోటలును ఇంజనీరింగు కళాశాలలును ఒకదాని వెంట నొకటిగా కనబడుచుండును. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయముల రక్షణకై 1996లో వెలువడిన 111వ ప్రభుత్వోత్తరువు నిర్మాణములకు హద్దులు గీచినందున చామంతి, బంతి, గులాబి సేద్యము నగరమునకు ఇంత చేరువలోను చాలవరకు నిలిచినది. విద్యాజ్యోతి, జె.బి., కె.జి. రెడ్డి మొదలగు కళాశాలలు మొయినాబాదు మండలములోనే యున్నవి. ఉదయమున గుడిమల్కాపూరు అంగడికి పూలబుట్టలు పోవు దారిలోనే విద్యార్థుల బస్సులు ఎదురువచ్చును. ఈ రెండు యాత్రలకును పరస్పరము పరిచయము లేకపోవుటయే నాకు తోచిన లోపము.

2020–21 విద్యాసంవత్సరమునుండి తెలంగాణ ఇంజనీరింగు కళాశాలలలో డేటా సైన్స్ ప్రత్యేక శాఖగా వెలసినది. కౌన్సెలింగు పట్టికలో దాని సంకేతము సి.ఎస్.డి. ఇంటర్మీడియెటు ముగించి, ర్యాంకు చేతబట్టుకొని, వెబ్ ఆప్షన్లు నింపుచున్న బాలుని అడిగినచో ఆ శాస్త్రమేమో చెప్పజాలడు గాని దానికి వచ్చు జీతమెంతో చెప్పగలడు. వీసాకై ప్రదక్షిణము చేయవలసిన చిలుకూరు బాలాజీ కోవెల తన కళాశాలకు ఎంత దూరమో కూడ ఎరుగును. చేరిన పిదప గణితము, సంభావ్యత, ప్రోగ్రామింగు, డేటాబేసులు ఎదురగును. విడిచివచ్చితి ననుకొన్న లెక్కలే మరల ముందు నిలుచుట చూచి కొందరు దిగులుపడుదురు. ఈ శాస్త్రము చేయునది, కొలిచిపెట్టిన వివరములలో క్రమమును వెదకి, దానినిబట్టి ఇంకను చూడని సంగతిని ఊహించుటయు, ఆ ఊహ ఎంతవరకు నమ్మదగినదో చెప్పుటయు.

ప్రయోగశాలలో తొలిపాఠము చాలమందికి ఐరిస్ అను పువ్వుతో ఆరంభమగును. మూడు జాతులకు చెందిన 150 పూల రక్షకపత్రముల పొడవు వెడల్పులను, ఆకర్షణపత్రముల పొడవు వెడల్పులను వ్రాసిన పట్టిక అది. ఆ కొలతలు సమకూర్చినవాడు అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు ఎడ్గార్ ఆండర్సన్. వానినిబట్టి జాతిని గుర్తించు సూత్రమును 1936లో ప్రకటించినవాడు ఆంగ్ల గణాంకవేత్త ఆర్.ఎ. ఫిషర్. ఆ పట్టికలో సెటోసా జాతి ఆకర్షణపత్రపు పొడవు ఎక్కడను రెండు సెంటీమీటర్లను అందదు, తక్కిన రెండింటిది మూడుకు తగ్గదు. కనుక దానిని వేరుచేయుట కన్నులకే సాధ్యము. తక్కిన రెండు జాతులు మాత్రము కొలతలలో ఒకదానిలో నొకటి కలిసిపోవును. శాస్త్రముతో పని పడునది అచ్చటనే.

ఆ ఫిషర్ శిష్యులలో ఒకరు తెలుగువారు. 1920లో హడగలిలో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1946లో కేంబ్రిడ్జికి పోయి, సూడాను దేశపు జెబెల్ మోయాలో త్రవ్వితీసిన ప్రాచీనాస్థుల పరిశీలనలో పాల్గొని, 1948లో డాక్టరేటు పొందిరి. రెండు వర్గములను వేరుచేయుటకు ఫిషర్ చెప్పిన పద్ధతిని పెక్కు వర్గములకు విస్తరించినవారు ఆయనయే. 2023లో గణాంకశాస్త్రపు అంతర్జాతీయ బహుమానమును పొంది, ఆ యేడే నూటరెండేండ్ల వయస్సున అస్తమించిరి. పువ్వైనను ఎముకయైనను ఆనాడు ఒకరు వంగి కొలిచినదే. నేటి విద్యార్థికో, ఆ శ్రమ యంతయు ఒక్క పంక్తి ఆజ్ఞతో తెరమీదికి వచ్చి వ్రాలును.

పట్టికను రెండు భాగములుచేసి, అధికభాగముతో యంత్రమునకు నేర్పి, మిగిలినదానితో పరీక్షింతురు. ఏలయనగా యంత్రమునకును బట్టీపట్టు దురభ్యాసము కలదు: చూచిన లెక్కలన్నిటికి తప్పులేని సమాధానము చెప్పి, చూడని లెక్క ఎదురైనచో తెల్లబోవును. రెసిడెన్షియల్ కళాశాలలో రెండేండ్లు గడపివచ్చినవానికి ఈ అధ్యాయమును వివరింప నక్కరలేదు.

ఆ విద్యార్థియే ప్రహరీ దాటి, చేవెళ్ల చామంతికి రేపు గుడిమల్కాపూరులో ఏ ధర పలుకునో ఊహింపబూనినచో, ఐరిస్ పట్టిక నేర్పని కష్టములు ఎన్నో ఎదురగును. ఒక చీటీలో లెక్క బుట్టలలో నుండును, మరొకదానిలో కిలోలలో. ఊరిపేరు ఒకరు చేవెళ్ల యనియు, వేరొకరు చేవెళ్ళ యనియు వ్రాసినచో యంత్రమునకు అవి రెండూళ్లు. రాత్రి వానకు పూలు తడిసి ధర పడిపోయిన సంగతి ధరల పట్టికలో నుండదు.

అన్నిటికంటె చిత్రమైనది పండుగల సంగతి. పూలధరను నడపునది ఇంగ్లీషు తేదీ కాదు, తిథి. దసరా 2022లో అక్టోబరు 5న, 2023లో ఆ నెల నాలుగవ వారమున, 2024లో 12న వచ్చినది. 2023లో అధిక శ్రావణము పడుటచే శ్రావణపు నోములు సైతము ఆలస్యమైనవి. నెలయు తేదీయు మాత్రమే ఎరిగిన యంత్రము, బతుకమ్మకు బంతి ధర ఎగసినపుడు కారణము తెలియక దానిని వట్టి ఒడుదొడుకుగా ఎంచును. కనుక పట్టికలో తిథికి ఒక నిలువు వరుస, పెండ్లి ముహూర్తములకు మరొకటి, పెండ్లిండ్లు ఆగిపోవు మూఢమునకు ఇంకొకటి చేర్చవలసియుండును. వానిని నింపుటకు పైథాన్ పొత్తములను గాలించుటకంటె, తోటలో పూలు కోయించుచున్న రైతు నడుగుట సులువు. ఏ శుక్రవారమునకు ఎన్ని బుట్టలు పంపవలెనో ఆయన పంచాంగము చూచి, నారు నాటిననాడే లెక్కవేసికొనియుండును.