చిన్న స్టడ్డు, పొద్దంత పని

చలి పొద్దున బండి స్టార్ట్ చేస్తే బానెట్ కింద టిక్కుటిక్కుమని చప్పుడు. నాలుగైదు కిలోమీటర్లు పోయేసరికి తగ్గిపోతుంది. ఓనరు మరిచిపోతాడు. తెల్లారితే మళ్లీ అదే. బొంరాస్‌పేటలో మా షెడ్డుకు ఈ చప్పుడుతో వచ్చేవాళ్లు ఎక్కువగా "టాపెట్ సెట్ చెయ్యన్నా" అనే అడుగుతారు. నేను టార్చిలైటు పట్టుకుని ముందు మానిఫోల్డు వైపు చూస్తాను. గ్యాస్కెట్ పక్కన నల్లటి మసి చారలు కనబడితే టాపెట్ల జోలికి పోనక్కర్లేదు. ఎక్కడో స్టడ్డు విరిగింది, ఆ సందులోంచి పొగ కొడుతోంది. ఇనుము వేడెక్కి సాగినకొద్దీ సందు మూసుకుంటుంది కాబట్టే చప్పుడు తగ్గుతుంది.

సిలిండర్లలో కాలిన పొగనంతా ఒకచోటికి తెచ్చే పోత ఇనుము గొట్టమే మానిఫోల్డు. డీజిల్ బండికి దానిమీదే టర్బో కూర్చుంటుంది. పొగ తోపుకు ఒక చక్రం తిరుగుతుంది, అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం గాలిని ఒత్తి ఇంజనులోకి పంపుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. చిన్న కార్ల టర్బో నిమిషానికి 2 లక్షల చుట్ల దాకా తిరుగుతుంది. అంత పొగరుబోతును ఇంజను హెడ్డుకు పట్టి ఉంచేవి చాలా ఇంజన్లలో 8 మిల్లీమీటర్ల మందం స్టడ్లు. స్టడ్డంటే తల లేని బోల్టు. ఒక కొస హెడ్డులో పాతుకుని ఉంటుంది, రెండో కొసకు నట్టు బిగిస్తాం. అల్యూమినియం హెడ్డు మెత్తన, దాంట్లో బోల్టు మాటిమాటికీ తిప్పితే మరలు అరిగిపోతాయి. అందుకే ఈ ఏర్పాటు.

మరి ఎందుకు విరుగుతాయి? మానిఫోల్డు పొడవు 40 సెంటీమీటర్లనుకోండి. 600 డిగ్రీలు వేడెక్కితే అది రెండున్నర మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. హెడ్డులో నీళ్లు తిరుగుతుంటాయి, అది సాగేది అందులో నాలుగో వంతు. ఒకటి జరుగుతానంటుంది, ఇంకొకటి కదలనంటుంది, మధ్యలో నలిగేది స్టడ్డు. కొసల దగ్గర జరుగుడు ఎక్కువ కాబట్టి ముందు విరిగేవి ఎక్కువగా కొసల స్టడ్లే. మానిఫోల్డు జరగడానికి వీలుగా బెజ్జాలు కాస్త వదులుగా పెడతారు. అవి మసితో పూడుకుపోయినా, ఎవరో బలమంతా చూపించి నట్లు బిగించినా ఆ వీలు పోతుంది.

తాండూరు నుంచి వికారాబాద్ పోయేటప్పుడు అనంతగిరి ఘాటులో నాపరాళ్ల లారీ వెనక రెండో గేరులో ఎక్కి చూడండి, మానిఫోల్డు ఎంత కాగుతుందో తెలుస్తుంది. మీదికి పోయి చాయ్ కోసం టక్కున ఆపేస్తారు. కాగడం, చల్లారడం, ఏళ్ల తరబడి. పైగా మారుతి 2020 ఏప్రిల్‌తో డీజిల్ కార్లు ఆపేసింది. ఊళ్లలో తిరిగే స్విఫ్ట్ డీజిళ్లన్నీ వయసు మీదపడ్డవే, తుప్పు పట్టినవే.

కంది కోతల తర్వాత ఒక తండా పిల్లగాడు అలాంటి స్విఫ్టే తెచ్చాడు. ఘాటులో పికప్ లేదు, ఏసీ వేస్తే లోపల కళ్లు మంట. ఈ రెండోది చిన్న విషయం కాదు. లీకైన పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన లేదు. పెట్రోలు బండ్లలో అది ఇంకా ఎక్కువ. స్టడ్డు విరిగింది, పొద్దంత పని అన్నాను.

"పదమూడు పానా వెట్టి నాలుగు తిప్పులు తిప్పితే అయిపాయె గదనే, పొద్దంత ఎందుకు?" అన్నాడు.

"తిప్పితే ఉన్నయి గూడ ఇరుగుతయ్ తమ్మీ."

నట్లకు తుప్పు విడిచే నూనె రాత్రే కొట్టి పెట్టాను. పొద్దున గ్యాసు మంట నట్టు మీదే ఆడించాలి, హెడ్డుకు తగలొద్దు. ఇనుము ఎర్రబడి హెచ్చరిస్తుంది. హెడ్డు అల్యూమినియం ఎర్రబడదు, 660 డిగ్రీలు కూడా రాకముందే ఉన్నట్టుండి జారిపోతుంది. నట్టు కాస్త ముందుకు, కాస్త వెనక్కి. కిర్రుమంటే ఆపి మళ్లీ నూనె. ఇది చేతికి తెలియాల్సిన పని, బలానికి కాదు.

మానిఫోల్డు, టర్బో దింపి చూస్తే, విరిగిన స్టడ్డు హెడ్డు లోపలే ఉండిపోయింది. దాని మీద కొత్త నట్టు పెట్టి లోపల వెల్డింగు నింపాను. అంతకుముందే బ్యాటరీ వైరు తీసేయాలి, లేకుంటే బండి కంప్యూటర్ కాలిపోవచ్చు. వెల్డింగు వేడికి స్టడ్డు ఉబ్బి, చల్లారి కుంచించుకుంటే తుప్పు పట్టు వదులుతుంది. మొదటి నట్టు ఊడి చేతికొచ్చింది, రెండోది పట్టుకుంది. పానా వేస్తే మెల్లగా తిరిగింది. అదీ కుదరకపోతే డ్రిల్లే గతి. కానీ ఉక్కు గట్టిది, చుట్టూ అల్యూమినియం మెత్తనిది. బిట్టు మెత్తని వైపే జారుతుంది, జారితే హెడ్డు దింపి లేతుకు పంపాల్సిందే. ఆ ఖర్చుకు ఈ స్టడ్లు బస్తాడు వస్తాయి.

తర్వాత పని తేలికే. ట్యాప్‌తో మరలు శుభ్రం చేసి, మానిఫోల్డు ముఖం మీద ఇనుప స్కేలు ఆనించి వంపు చూస్తాను. వంపు ఉంటే లేతులో గీయించకుండా కొత్త గ్యాస్కెట్ వేసినా దండగే. ఒకటి విరిగినా స్టడ్లన్నీ మారుస్తాను, నట్లు కూడా. మిగిలినవీ అదే వేడి తిన్నవే కదా. నట్లను మధ్య నుంచి కొసలకు, రెండు విడతలుగా కంపెనీ చెప్పిన లెక్కకే బిగించాలి. ఆ లెక్క 25 న్యూటన్ మీటర్లుంటే, పావు మీటరు పానా కొసన 10 కిలోల బరువంత తోపు. మన పిల్లగాళ్లు అంతకు రెండింతలు తోస్తారు.

టర్బోను విప్పాం కాబట్టి దాని ఆయిలు పైపుకు కొత్త వాషర్లు. డీజిల్ అందకుండా ఇంజను కాసేపు తిప్పి, ఆయిలు పైకి ఎక్కాకే స్టార్ట్ చేయించాను. స్టార్టయిన కాసేపటికి మానిఫోల్డు మీంచి పొగ లేచింది. పిల్లగాడు భయపడి తాళం తిప్పి ఆపబోయాడు.

"ఉండు తమ్మీ, స్టడ్లకు వెట్టిన గ్రీజు కాలుతుంది. పది నిమిషాలు నడవనియ్."